బోడి గోరు

చున్‌జాకి ఆ ఏడు రెండు నొప్పులు పట్టుకున్నాయి. ఒకటి కుడి భుజం, రెండోది అత్తగారు బున్నే పెంచే బాల్సం మొక్కలు. భుజానికైతే మాత్ర ఉంది. అత్తగారికి ఏ మందుల షాపులో దొరుకుతుంది?

భుజం సంగతి ముందు చెప్పేసుకుందాం. పెళ్లయిన దగ్గర్నుంచీ మిరప మళ్లలో వంగి, మూటలెత్తి, ఆఖరికి లోపల నరం చిరిగింది. దగ్గర్లోని సూన్‌చన్ పట్నంలో డాక్టరు ఫోటోలు చూసి, "ఇంకా నాన్చితే కుట్టడానికి అంచు కూడా మిగలదమ్మా" అన్నాడు. చలికాలంలో అడిగితే మిరపపళ్లు ఎర్రబడే వేళకి ఒక సోమవారం తేదీ ఇచ్చారు. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడే. జుట్టు దువ్వుకుందామంటే చెయ్యి లేవదు. అన్నం గరిటె ఎడమ చేతికి మారింది. రాత్రి ఒత్తిగిలితే ప్రాణం పోయినంత పని. అరవై ఏళ్లకే చెయ్యి పడిపోతే ఈ ఇల్లు ఎవరు లాగుతారు? అందుకని ఆ సోమవారం కోసం ఆవిడ పండక్కి ఎదురుచూసినట్టు ఎదురుచూస్తోంది.

ఇక బాల్సం, గోరింటాకులాగా గోళ్లకి ఎర్రగా పండే పూలమొక్క. వెనక పెరట్లో సోయా ముద్దా, మిరప ముద్దా ఊరే మట్టి జాడీల అరుగు ఉంది. దాని చుట్టూ నాలుగు వైపులా ఆ మొక్కలే. ఎనభై నాలుగేళ్ల మనిషి, నడుము ఒంగిపోయి నేలని చూస్తూ నడిచే మనిషి, వసంతం వచ్చేసరికి ఎక్కడలేని ఓపికా తెచ్చుకుంటుంది. పొయ్యి బూడిద కలిపి మట్టి గుల్ల చేస్తుంది. పాత సాక్సులో దాచిన విత్తనాలు చల్లుతుంది. మొలకలు జానెడయ్యాక చిక్కగా ఉన్నవి పీకి ఎడంగా నాటుతుంది. పీకినవి పారేస్తుందా? పారెయ్యదు. ఉల్లి మడి గట్టున నాటుతుంది, గుమ్మం పక్కన నాటుతుంది, చున్‌జా నడిచే దారి మధ్యలో నాటుతుంది.

"అత్తయ్యా, ఇది దారండీ! చేతిలో గిన్నె పట్టుకుని ఎలా నడవమంటారు?"

"పక్కనుంచి నడు. మొక్కకి కాళ్లున్నాయా తప్పుకోడానికి? నీకున్నాయి."

ఇదీ వరస. పోనీ నాటేసి ఊరుకుంటే బాధ లేదు. ఆ మొక్క కాడలో ఉన్నదంతా నీరే, ఒక్క పూట తడి తగలకపోతే తిట్లు తిన్న పిల్లల్లాగా తలలు వేలాడేస్తుంది. అత్తగారు బిందె ఎత్తలేదు. కొడుకు దల్సూకి ఆ పెరడు ఎక్కడుందో కూడా తెలియదు. మరి పోసేదెవరు? ఎడమ చేత్తో సగం సగం బిందెలు మోస్తూ చున్‌జా. వానొస్తే పడిపోయిన కాడలకి పుల్లలు కట్టేదెవరు? చున్‌జా. నత్తలు ఏరేదెవరు? మళ్లీ చున్‌జానే.

"ఇవి ఉంటే జాడీల దగ్గరికి పాములు రావే" అంటుంది ముసలావిడ, పెద్ద మేలు చేసినట్టు.

"పాములు కప్పల కోసం వస్తాయి అత్తయ్యా. కప్పలు మీ మొక్కల తడి కోసం వస్తాయి. ఆ తడి నా భుజంలోంచి వస్తోంది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ముసలావిడకి చెవులు శుభ్రంగా పనిచేస్తాయి, అది వేరే సంగతి. ఇవన్నీ చాలక, కాయలు ముదిరాక ముట్టుకుంటే చాలు, టప్పున పేలి విత్తనాలు జల్లుమంటాయి. ఎండబెట్టిన మిరపకాయల్లో పడతాయి, ఎత్తిపెట్టిన జాడీ మూతల్లో పడతాయి, చున్‌జా మెడ వెనక పడతాయి. వచ్చే ఏడు అక్కడా మొలుస్తాయేమో అని భయం.

ఆపరేషన్‌కి వారం ముందు ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పింది. బంగారం పెట్టుకోకండి, ముందు రాత్రి నుంచి ఏమీ తినకండి, గోళ్లకి రంగు ఉండకూడదు, వేలికి క్లిప్పు పెట్టి ఊపిరి ఎలా అందుతోందో చూస్తాం, రంగుంటే సరిగ్గా తెలియదు. చున్‌జా నవ్వింది. మిరపకాయలు కోసే చేతులకి రంగు ఎక్కడిది తల్లీ అంది.

అన్నదా? అరుగు మీద కూచుని మిరప తొడిమెలు తీస్తున్న బున్నే ఆ మాట వింది. రంగు అనే మాట మాత్రమే వింది కాబోలు.

"అమ్మాయ్, పూలు బాగా విచ్చుకున్నాయి. పట్నం వెళ్లేలోగా నీ పది వేళ్లకీ పెట్టేస్తాను" అంది.

"వద్దు అత్తయ్యా."

"ఎర్రవి, ఆకుతో కలిపి, ఇంత పటిక వేసి నూరితే..."

"వద్దన్నానా! గోళ్లకి రంగుంటే ఆపరేషన్ చెయ్యరు. వెనక్కి పంపించేస్తారు. విన్నారా?"

"పోనీ చిటికెన వేలికి."

"చిటికెన వేలికీ వద్దు, బొటన వేలికీ వద్దు! అరవై ఏళ్లొచ్చాక నాకు గోళ్ల సింగారం ఏంటండీ, ఊళ్లో వాళ్లు నవ్వుతారు."

ముసలావిడ మరి మాట్లాడలేదు. అప్పుడైనా చున్‌జాకి అనుమానం రావాల్సింది. ఆ మనిషి మాట మానేసిందంటే ఏదో పని మొదలుపెట్టిందనే లెక్క, కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసిన సంగతి అది. అయినా మాత్రల మత్తులో బుర్ర పనిచెయ్యలేదు.

శుక్రవారం పొద్దున్నుంచీ వాన. మిరప మళ్లలోకి వెళ్లే పని లేదు. భుజం సలుపుతుంటే చున్‌జా మధ్యాహ్నం పెద్ద మాత్ర వేసుకుని వసారా చెక్కల మీద వాలింది. చల్లటి గాలి, చూరు నీళ్ల చప్పుడు, ఎన్నాళ్లకో పట్టిన నిద్ర.

లేచేసరికి చీకటి పడుతోంది. కళ్లు నులుముకుందామని చెయ్యెత్తితే మొహానికి ఏదో ఆకు తగిలింది. చూసుకుంది. పది వేళ్లకీ ఆముదం ఆకు ముక్కలు చుట్టి, తెల్లదారంతో బిగించి, చక్కగా ముడులేసి ఉన్నాయి.

ఆ కేక ఊరవతల మిరప మళ్ల దాకా వినిపించి ఉంటుంది. దారాలు పళ్లతో కొరికి, ఆకులు పీకి, వంటింట్లో కుళాయి కింద పెట్టి రుద్దింది. పూల ముద్ద కొట్టుకుపోయింది. కింద గోళ్లు దానిమ్మగింజల్లా మిలమిలమంటున్నాయి.

"బాగా పండింది" అంది బున్నే వసారాలోంచి, తృప్తిగా.

"అత్తయ్యా!"

"నా చేతుల్లోనూ ఇంత బాగా పండలేదే."

"వద్దని చెప్పానా లేదా? చెప్పానా లేదా? సోమవారం ఆపరేషన్! నేను నెలల తరబడి ఎదురుచూసిన ఆపరేషన్! ఇప్పుడు ఈ చేతులతో వెళ్తే వాళ్లు నన్ను గుమ్మంలోంచే పంపిస్తారు. మీరు కుడతారా నా భుజం? మీ పూలు కుడతాయా?"

ముసలావిడ తొడిమెలు తీస్తూ కూచుంది. నిమ్మకు నీరెత్తినట్టు. ఆ కూచోడం చూస్తే చున్‌జాకి ఏడుపొచ్చింది, ఏడిస్తే భుజం కదిలి మరీ నొప్పెట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏంటో ఆ రోజు నిజంగా తెలిసింది.

దల్సూ ఊళ్లోంచి వచ్చి భార్య చేతులు చూసి, "అబ్బో! మన పెళ్లికి కూడా ఇంత ఎర్రగా లేవే" అన్నాడు. ఎడమ చేతి గరిటె గురి తప్పింది కాబట్టి బతికిపోయాడు.

"మీ అమ్మని మీరేం అనరా?"

"ఆవిడ మా అమ్మ, నువ్వు నా పెళ్లానివి. మధ్యలో దూరినవాడు నలిగిపోతాడు. అన్నం పెట్టు."

శనివారం పొద్దున్న నిమ్మకాయ రుద్దింది. వెనిగర్ రుద్దింది. పక్కింటామె కోడలి దగ్గర గోళ్ల రంగు తీసే సీసా అడిగి తెచ్చి, దూది తడిపి రుద్దింది. ఉప్పు, బేకింగ్ సోడా, బట్టల సబ్బు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది, పోయేది పైరంగైతే కదా! చర్మానికంటింది కాస్త వదిలింది, గోటికంటింది మాత్రం కదల్లేదు. గోరు పెరిగి పోవాల్సిందే తప్ప బాల్సం రంగు ఎవరి మాటా వినదు. అచ్చం దాన్ని పెంచినావిడ లాగే.

ఆఖరికి సిగ్గు చంపుకుని ఆస్పత్రికి ఫోన్ చేసింది. నర్సు అవతల నవ్వాపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "బాల్సమా అమ్మా? ప్రతి ఏడూ ఈ రోజుల్లో మాకు తప్పదు. ఒక్క వేలైనా శుభ్రంగా ఉంటే చాలు. గోరు పైన కాస్త అరగదీసుకుని రండి. ఒక్కటి కూడా లేకపోతే మాత్రం మత్తు డాక్టరుగారు ఒప్పుకోరు, ముందే చెప్తున్నా."

పోయిన ప్రాణం లేచొచ్చింది. దల్సూ సామాన్ల పెట్టెలోంచి సన్న గరుకు కాగితం తీసుకుని, కుడి చేతి చూపుడు వేలు మోకాలి మీద పెట్టుకుని ఎడమ చేత్తో రుద్దడం మొదలుపెట్టింది. గోరు పల్చబడి మంటెత్తింది. పళ్లు బిగబట్టి ఎరుపు చివరి పొర దాకా తీసింది. తీసి, హమ్మయ్య అని కాళ్లు చాపుకుందో లేదో ఫోన్ మోగింది.

"అమ్మా, ఇందాక అడగడం మర్చిపోయాను. ఆపరేషన్ ఏ వైపు?"

"కుడి."

"అయ్యో, అయితే కుడి చేతికి క్లిప్పు పెట్టరమ్మా. ఎడమ చేతి వేలు తీసుకురండి."

చున్‌జా ఫోన్ పెట్టేసింది. ఇక ఎవర్ని తిట్టుకోవాలో కూడా తోచలేదు. ఎడమ చేతి గోరు అరగదియ్యాలంటే కుడి చెయ్యి కావాలి. కుడి చెయ్యి పనిచేస్తే ఆపరేషనే అక్కర్లేదు. మొగుణ్ణి పిలిచింది. దల్సూ నాగలి పట్టినట్టు కాగితం పట్టి నాలుగు రుద్దులు రుద్దేసరికి గోరు పక్క చర్మం లేచి రక్తం చిమ్మింది. "నాకు కళ్లు ఆనట్లేదే" అంటూ లేచి మిరప మళ్లలోకి పారిపోయాడు.

మిగిలిందెవరు? ఇంట్లో సూదిలో దారం ఎక్కించగలిగే చెయ్యి ఇంకొకటే ఉంది. మొక్క వేరు తెగకుండా పీకి మరో చోట నాటే చెయ్యి.

చున్‌జా వెళ్లి అత్తగారి ముందు కూచుని ఎడమ చెయ్యి చాపింది. "పెట్టింది మీరేగా. తియ్యండి."

"తియ్యను" అంది బున్నే.

"ఏంటీ?"

"తియ్యనంటున్నా. పది వేళ్లకీ పెడితేనే పనిచేస్తుంది. నువ్వు ఇప్పటికే ఒకటి గీకేశావు."

"ఏం పనిచేస్తుంది? ఏం పనిచేస్తుందండీ?" అని అరిచింది చున్‌జా. "నన్ను ఇలా ఎందుకు ఏడిపిస్తున్నారు? మీకు నీళ్లు మోశాను, పుల్లలు కట్టాను, మీ నత్తలన్నీ ఏరాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా సంగతి నేను చూసుకుంటానంటే అడ్డం పడతారా?"

ముసలావిడ మిరపకాయల చాప పక్కకి జరిపింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతుల గోళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి, ప్రతి ఏడూ ఉండేవే.

"మీ మామగారు కడుపునొప్పని పట్నం ఆస్పత్రికి వెళ్లాడు. నువ్వింకా కాపురానికి రాలేదు అప్పటికి. పెరట్లో పూలు విరగబూశాయి. పెట్టుకుని వెళ్లండి, ప్రాణాలు తీసుకుపోయే నల్లటోపీవాడు ఎరుపంటే జంకుతాడు అన్నాను. మగాడి చేతికి పూలరంగేంటి, నలుగురూ నవ్వుతారు అన్నాడు. నేనూ సరేలే అని ఊరుకున్నాను. బోడి గోళ్లతో వెళ్లాడు. కోసి చూస్తాం అన్నారు. కోశారు. మరి ఇంటికి రాలేదు."

చున్‌జా ఇన్నేళ్లు ఈ మనిషి పక్కన అన్నం తింది. ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు.

"అది వేరు అత్తయ్యా. ఇది భుజం. భుజం కుడితే ఎవరూ చచ్చిపోరు."

"ఆయనదీ కడుపునొప్పే. కడుపునొప్పితో ఎవరు చచ్చిపోతారు అన్నారు అందరూ."

మళ్లీ కోపం వచ్చింది చున్‌జాకి, ఈసారి వేరే కోపం. ఎందుకంటే ఈ వారం రోజుల్నించీ మత్తు సూది గుర్తొస్తే తనకీ అరికాళ్లు చల్లబడుతున్నాయి. ఆ భయాన్ని అటకెక్కించి, తిట్లూ కేకలూ అడ్డం పెట్టుకుని నెట్టుకొస్తోంది. ముసలావిడ నిచ్చెనేసి మరీ దాన్ని కిందికి దించి ముందు కూచోబెట్టింది.

"చూడండి" అంది చివరికి. "ఒక్క గోరు ఖాళీ లేకపోతే ఆపరేషన్ జరగదు. జరక్కపోతే ఈ చెయ్యి ఇంతే. మీ మొక్కలకి నీళ్లు పోసేవాళ్లు ఉండరు."

బున్నే కోడలి రెండు చేతులూ తిప్పి చూసింది. "సరే. అయితే ఒక ఒప్పందం. కుడి చేతిది నువ్వు గీకేశావు చూడు, దానికి మళ్లీ పెట్టనివ్వాలి. అప్పుడు ఎడమ చేతిది ఒకటి తీస్తాను. తొమ్మిది ఎరుపు ఉండాలి."

"బేరమాడుతున్నారా నాతో!"

"ఆడుతున్నా. ఇష్టం లేకపోతే మొగుణ్ణి పిలుచుకో."

చున్‌జాకి తల ప్రాణం తోకకొచ్చింది. కుడి వేలు చాపింది. ముసలావిడ పెరట్లోకి వెళ్లి నాలుగు పూలు, నాలుగు లేత ఆకులు తుంపుకొచ్చి చిన్న రోట్లో నూరి, గీకిన గోటి మీద పెట్టింది. మంటకి చున్‌జా కెవ్వుమంది. "ఓర్చుకో, పటిక తక్కువే వేశాలే" అని ఆకు చుట్టి దారం కట్టింది. అప్పుడు ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుని, చూపుడు వేలు గోటి మీద గరుకు కాగితం ఆనించింది. మెత్తగా, పట్టుబట్ట దులిపినట్టు రుద్దింది. మంట లేదు, రక్తం లేదు. ఎరుపు పొడి కొంచెం కొంచెం ఆవిడ వదులు ప్యాంటు మీద రాలింది. రుద్దుతున్నంతసేపూ లోపల్లోపల ఎవర్నో తిట్టుకుంటూనే ఉంది. డాక్టర్లనో, నల్లటోపీవాణ్ణో, కోడల్నో, తెలియదు.

ఆదివారం ముగ్గురూ పట్నం బస్సెక్కారు. మీరెందుకండీ, ఎండలో పడతారు అంటే ముసలావిడ వినదు. వార్డులో నర్సు పిల్ల చున్‌జా చేతులు చూసి కిసుక్కుమంది. బోడి వేలు చూసి, "ఇది చాలమ్మా, బాగా తీశారు" అంది. ఆ మెప్పుకి బున్నే మొహం ముడుచుకుంది.

సోమవారం పొద్దున్న పిలుపొచ్చింది. చున్‌జాని చక్రాల మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్తుంటే, దల్సూ చెప్పులు టపటపలాడిస్తూ ఒక పక్క, బున్నే ఒంగిన నడుముతో ఇంకో పక్క. ముసలావిడ చేతిలో ఏదో పట్టుకుని నడుస్తోంది. ఏంటా అని చూస్తే, చున్‌జా ఎడమ చూపుడు వేలు. బోడి గోరు కనిపించకుండా గుప్పెట్లో మూసి పట్టుకుంది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర మంచం ఆగింది. "బామ్మగారూ, ఇక్కణ్ణుంచి మీరు రాకూడదు. చెయ్యి వదలండి" అంది నర్సు.

"ఈ ఒక్కటే ఖాళీ" అంది బున్నే. "ఇది నేను పట్టుకుంటా. మీ పని మీరు చేసుకోండి."

"అమ్మా, నలుగురూ చూస్తున్నారే" అన్నాడు దల్సూ.

"చూడనీ. నలుగురూ నవ్వుతారని ఒకసారి ఊరుకున్నాను."

 వెనక ఇంకో మంచం వచ్చి నిలబడింది. చున్‌జాకి విసుగు ముంచుకొచ్చింది. ఈ మనిషి ఇక్కడ కూడా దారి మధ్యలోనే నాటుకుపోయింది. కానీ ఆ గుప్పెట పట్టు ఎంత గట్టిగా ఉందంటే, వేలిలోంచి భుజం దాకా తెలుస్తోంది. ఆ పట్టులో తన భయమెంతో ఆవిడ భయమెంతో చెప్పడం కష్టం.

"అత్తయ్యా, వదలండి. ఆ వేలికి క్లిప్పు పెడతారు. నేను లేచేదాకా అది పట్టుకునే ఉంటుందట. వదలదట."

"ఏ రంగు?"

"ఏంటి?"

"ఆ క్లిప్పు ఏ రంగు అంటున్నా."

చున్‌జా నర్సు వంక చూసింది. నర్సుకేం అర్థమయిందో ఏమో, మంచం పక్కన వేలాడుతున్న క్లిప్పు తీసి, "బామ్మగారూ, ఒక్క క్షణం ఇవ్వండి, చూపిస్తాను" అంది. గుప్పెట ఒక్కో వేలే విడిపోయింది. నర్సు ఆ బోడి గోటి మీద క్లిప్పు బిగించింది. లోపల దీపం వెలిగింది. గోరూ, చర్మం, వేలి కొస మొత్తం నిప్పుకణంలా ఎర్రగా మెరిసింది, మిగతా తొమ్మిదింటికన్నా ఎర్రగా.

బున్నే నడుము ఎత్తగలిగినంత ఎత్తి చూసింది. వంగి ఇంకో వైపు నుంచీ చూసింది.

"ఆరిపోదుగా?"

"ఆరదు బామ్మగారూ. ఆపరేషన్ అయ్యేదాకా వెలుగుతూనే ఉంటుంది."

"ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని కోడలి మీద విరుచుకుపడింది ముసలావిడ. "మూడు రోజుల్నించీ నన్ను కాల్చుకు తిన్నావు!"

"నేనా? నేను మిమ్మల్ని కాల్చుకు..."

మంచం కదిలింది. తలుపులు మూసుకునేలోగా అత్తగారి గొంతు వినిపించింది, నర్సుతో కాబోలు: "తీసెయ్యకండేం. అది లేచి నన్ను తిట్టేదాకా తీసెయ్యకండి."

లోపల దీపాల కింద ఎవరో పేరడిగారు, ఎవరో మొహం మీద మాస్క్ పెట్టి గట్టిగా ఊపిరి తీసుకోమన్నారు. చున్‌జా తీసుకుంది. లేచాక అత్తగారికి చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుంటూ, కళ్లు మూతపడేదాకా ఆ ఎర్రటి వేలువంకే చూస్తూ పడుకుంది.